అమ్మ చివరిదాకా విన్న పాట

క్రాంతి కుమార్‌ది ధర్మవరం. వారమంతా పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో షిఫ్టు, ఆదివారం హిందూపురంలో మా నలుగురి మెటల్ బ్యాండు. పాటలన్నీ వాడే కడతాడు. నేను బేస్ గిటార్ వాయిస్తాను కాబట్టి వాడి తప్పుల్లో నాకూ వాటా ఉంది.

మొదటి ఆల్బం నాటికి వాడికొకటే పిచ్చి, తన పాట ఎవరికీ అంతుచిక్కకూడదని. ఏడు దెబ్బల లెక్కతో మొదలుపెట్టి అయిదుకు, అక్కణ్ణించి పదకొండుకు దూకేవాడు. ఒక్కో పాట పద్నాలుగు నిమిషాలు. డ్రమ్స్ వాయించే సుధ లెక్కలు కాగితం మీద రాసి ఎదురుగా అతికించుకునేది. అయినా మా అంత మొనగాళ్లు లేరని విర్రవీగాం.

ఇంటర్నెట్‌లో ఎవరెవరో మెచ్చుకున్నారు. వాడికి అది ఆనలేదు. వాళ్లమ్మ పుష్పావతి ఒక్క పాటైనా చివరిదాకా వినాలి, అదీ వాడి కోరిక. ఆమె ముప్పై ఏళ్లుగా గుంట మగ్గం మీద పట్టుచీరలు నేస్తోంది. మగ్గం పక్కనే స్పీకర్ పెట్టి వినిపించాడు. మూడో నిమిషంలో ఆమె దాన్ని ఆపేసి, నేస్తున్న చీర చూపించింది.

"అంచు ఉండాది, ఒళ్లు ఉండాది, కడాకు కొంగు వస్తాది. నువ్వు మొత్తం కొంగే నేసినావు కదప్పా. ఇంగ కట్టుకునేది యాడ?"

వాడు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. నాకు మాత్రం లోలోపల నవ్వొచ్చింది. నా బేస్ వరసలు నాకే గుర్తుండేవి కావు మరి.

రెండో ఆల్బంకి వాడు పాట కట్టే పద్ధతే మార్చేశాడు. ఏడు దెబ్బల లెక్క అంచులాగా మొదటినుంచి చివరిదాకా పోవాలన్నాడు. మధ్యలో అక్కడో బుటా, ఇక్కడో బుటా. తన గిటార్ విద్యంతా చివర కొంగులోనే. సుధ కాగితం చించేసింది. ఆ పాట వాయిస్తుంటే నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. మొదటిసారి నా చేతులకి దారి తెలిసింది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం ధర్మవరం వెళ్లాం. మళ్లీ అదే మగ్గం, అదే స్పీకర్. ఆమె నేస్తూనే ఉంది. మూడు నిమిషాలు దాటాయి, అయిదు దాటాయి. క్రాంతి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కొంగు వచ్చింది, పాట అయిపోయింది. అప్పుడు మగ్గం ఆగింది.

ఆమె చీర మీదికి వంగి చూసి కొడుకుని పిలిచింది. మగ్గం మీద రెండు కాళ్లూ మార్చి మార్చి తొక్కాలి. పాట ఏడేసి దెబ్బలకి మళ్లీ మొదలవుతుంటే, ప్రతిసారీ అదే కాలితో అందుకోవాలని ఆమె ఒకే కాలు వరసగా రెండేసిసార్లు తొక్కింది, నేత తప్పింది. ముప్పై ఏళ్లలో ఎన్నడూ తప్పని కాలు.

"నీ పాట పాడుగాను, నా కాలు దాని ఎంట పోయినాది. ఇదంతా ఇప్పాల."

క్రాంతి మగ్గం పక్కన కూలబడి, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఆమె ఒక్కొక్క పోగూ విప్పుతూ, తల ఎత్తకుండానే అంది.

"ఇప్పుడు కాళ్లతో పని లేదు కదా. ఇంగోసారి పెట్టు."