మూతపడని ఖాతా

పళ్ళబ్బాయికి నలభై దగ్గర పడుతున్నాయి. చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి. అయినా పళ్ళ డాక్టర్లందరికీ అతను అబ్బాయే. వాళ్ళు పంపే అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళు చేసి ఇవ్వడం అతని పని. పళ్ళు చక్కగా కుదిరితే డాక్టరుగారి హస్తవాసి మంచిదంటారు. చిగుళ్ళకి గుచ్చుకుంటే పళ్ళబ్బాయికి ఫోను చేస్తారు.

అద్దె ఇంట్లో వెనకగదే అతని కార్ఖానా. అరల నిండా ప్లాస్టర్ అచ్చులు, ఎవరెవరివో నోళ్ళు. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద అరగదీసే మోటారు. అది తిరిగితే గులాబీరంగు పొడి లేస్తుంది. ముతకది నేల మీద పడుతుంది, తుడిస్తే పోతుంది. మెత్తనిది మాత్రం గాల్లోనే ఉండిపోయి, తలుపు సందులోంచి ముందుగదిలోకి వస్తుంది. ముందుగదిలో అతని కూతురు పడుకుంటుంది. ఇంకా మూడేళ్ళు నిండలేదు. తలుపు కింద భార్య తడి తువ్వాలు కుక్కుతుంది. అది ఆరిపోయేసరికి పిల్లకి దగ్గు మొదలవుతుంది.

పిల్లల డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "మందు నేను రాస్తాను. గాలి మాత్రం మీరే మార్చాలి," అంది.

ఆ మాట పళ్ళబ్బాయిని పట్టుకుంది. మోటారు ఆపి చెవి తలుపుకి ఆనించడం అలవాటైపోయింది. పిల్ల దగ్గితే దిగులు. దగ్గకపోతే, ఎందుకు దగ్గడం లేదా అని దిగులు.

రెండు వీధుల అవతల ఒక కట్టడంలో కిందిగది ఖాళీ అయింది. గోడకి పొడి బయటికి లాగే ఫ్యానుంది, మూల కుళాయి ఉంది. అద్దె అందుబాటులోనే ఉంది. పళ్ళబ్బాయి ఆ ఫ్యాను కింద నిలబడి, అరచేయి పైకెత్తి గాలి లాగుతోందో లేదో చూసుకున్నాడు. లాగుతోంది.

"మీరంటే నాకు నమ్మకమేనండీ. కానీ మా ఓనరు క్రెడిట్ రికార్డు చూడకుండా సొంత తమ్ముడికైనా తాళం ఇవ్వడు," అన్నాడు తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ ఆ కట్టడం మేనేజరు. "నెలాఖరు దాకా ఎవరికీ చూపించను. తెచ్చుకోండి."

పళ్ళబ్బాయి ధీమాగానే ఇంటికొచ్చాడు. అప్పులు తీరిపోయాయి కదా.

ఆ అప్పులు సరదాకి చేసినవి కావు. అతనికి సగం పైగా పని ఇచ్చే పెద్ద క్లినిక్ ఒకటి, బిల్లులు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి బోర్డు పీకేసింది. ఇల్లు క్రెడిట్ కార్డుల మీద నడిచింది. ఒక కార్డు బాకీ ఇంకో కార్డుతో తీర్చాడు. చివరికి నాలుగు చోట్ల పీకల దాకా మునిగి, కోర్టు ఒప్పుకున్న చెల్లింపు పథకంలో చేరాడు. పథకం వాళ్ళు అతని ఎదుటే కార్డులు కత్తిరించారు. పథకం కోసమే ఒక బ్యాంకు ఖాతా తెరిపించారు. ప్రతినెలా అందులో వేసిన డబ్బుని నలుగురికీ పంచారు. ఆ ఏళ్ళలోనే పిల్ల పుట్టింది. ఉయ్యాల ఎవరో వాడి పారేసింది. భార్య కొత్త చెప్పులు కొనుక్కోవడం పెళ్ళికి ముందు మాట. మొత్తానికి తీరింది. పూర్తయినట్టు కాగితం కూడా ఇచ్చారు.

కానీ రికార్డు తెప్పించి చూస్తే, మూడు అప్పుల పక్కన 'తీరింది' అని ఉంది. నాలుగో దాని పక్కన 'చెల్లింపు పథకంలో ఉంది, ఖాతా మూయలేదు' అని ఉంది.

రికార్డులు రాసే సంస్థకి ఫిర్యాదు పెట్టాడు. వాళ్ళు అప్పిచ్చిన కంపెనీని అడిగారు. ఖాతా తెరిచే ఉందని కంపెనీ చెప్పింది. 'విచారించాం, వివరాలు సరిగ్గానే ఉన్నాయి' అని సంస్థ జవాబిచ్చింది. ఇక కంపెనీ ఆఫీసుకే వెళ్ళాడు. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి కంప్యూటర్ తెర వైపు చాలాసేపు చూసింది.

"సార్, మీరు మాకు బాకీ లేరండి."

"అదే కదమ్మా నేను చెబుతున్నది."

"మేమే మీకు బాకీ ఉన్నాం. చివరి వాయిదా మీరు ఎక్కువ కట్టారు. సున్నా ఉంటేనే ఖాతా మూతపడుతుంది. సున్నాకి కింద ఉన్నా తెరిచే ఉంటుంది."

పళ్ళబ్బాయికి అప్పుడు గుర్తొచ్చింది. పథకం వాళ్ళ హాల్లో బెంచీల మీద కూర్చునేవాళ్ళందరిదీ ఒకటే భయం. ఎవరికో చిల్లర తక్కువ పడిందని పథకమంతా రద్దు చేశారట. ఎవరికి, ఎప్పుడు అని ఎవరికీ తెలియదు. కానీ అది విన్నవాళ్ళెవరూ ఆ తర్వాత సరిగ్గా కట్టలేదు, కాస్త పైకే కట్టారు. చివరి వాయిదా పథకం ఖాతాలోంచి నేరుగా కంపెనీలకే కట్టమన్నప్పుడు, పళ్ళబ్బాయి కూడా ఈ ఒక్క చోట చిల్లర లెక్క అర్థంకాక, ఎందుకొచ్చిన గొడవని పైకి సర్ది కట్టాడు. కట్టి, హాయిగా నిద్రపోయాడు.

"అయితే ఆ మిగులు వెనక్కిచ్చేయండి."

"ఏ ఖాతాలోంచి వచ్చిందో దాంట్లోకే పంపాలండి."

"అది పథకం ఖాతా. పథకం అయిపోగానే మూసేశారు."

"అయితే మూసేసినట్టు ఆ బ్యాంకు నుంచి కాగితం తేవాలి సార్."

బ్యాంకు వాళ్ళు మూసేసిన ఖాతాకి కాగితం ఇవ్వాలంటే పథకం వాళ్ళు అడగాలన్నారు. పథకం వాళ్ళు, మీది అయిపోయింది కదా, మా దగ్గర మీ పేరే లేదన్నారు. ఇలా తిరుగుతుంటే పని వెనకబడింది. వెనకబడిన పని కోసం మోటారు ఎక్కువసేపు తిరిగింది. పిల్ల ఎక్కువగా దగ్గింది.

బావమరిది చూడ్డానికొచ్చి సంగతంతా విని పగలబడి నవ్వాడు.

"అయితే బావా, కంపెనీ నీకు బాకీ పడిందన్నమాట. నువ్విప్పుడు షావుకారువి. వాళ్ళ ఇంటి ముందు కుర్చీ వేసుక్కూర్చో. వడ్డీ అడుగు."

"ఒరేయ్, నువ్వు నోర్ముయ్," అంది అక్క. తర్వాత భర్త వైపు తిరిగింది. "జన్మానికోసారి ఎక్కువ ఇచ్చారు. అదీ వాళ్ళకి. పిల్లకి ఉయ్యాల కొందామంటే లెక్కలు చెప్పారు."

 

నెలాఖరు దగ్గరపడ్డాక మళ్ళీ కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి కాగితాలేమీ లేవు, విసుగొక్కటే ఉంది. "ఆ డబ్బు నాకొద్దమ్మా. మీరే ఉంచుకోండి. నన్నొదిలేయండి," అన్నాడు.

అమ్మాయి మొహం విప్పారింది. "వదులుకుంటారా సార్? అయితే ఇక్కడ సంతకం పెట్టండి. ఈ రోజే మూసేస్తాం."

సంతకం పెట్టి కలం కింద పెట్టాక అడిగాడు. "ఈ దారి ఉందని మొదటిరోజే చెప్పొచ్చు కదమ్మా."

"మీరు డబ్బు వెనక్కి కావాలన్నారు కదా సార్. వదులుకుంటానని అడగలేదు."

ఖాతా ఆ రోజే మూశారు. అయితే ఆ కబురు రికార్డుల సంస్థకి చేరడానికి వాళ్ళ పద్ధతి వాళ్ళకుంది. కంపెనీలన్నీ నెలకోసారి ఒకేసారి పంపుతాయట. పళ్ళబ్బాయి మేనేజరు దగ్గరికి పరిగెత్తి, సంతకం పెట్టిన రసీదు చూపించాడు. మేనేజరు దాన్ని శ్రద్ధగానే చదివాడు.

"ఓనరుకి రికార్డు కావాలండీ, రసీదు కాదు. ఇంకో నాలుగు రోజులు ఆపి చూస్తాను," అన్నాడు.

ఆపాడు కూడా. పాపం అతని తప్పేం లేదు. ఆ తర్వాత ఫోను కవర్లు అమ్మే అతను మూడు నెలల అద్దె ముందే ఇచ్చి తాళం తీసుకున్నాడు. సరుకు మీద దుమ్ము పడుతుందని, వచ్చీ రాగానే గోడకున్న ఫ్యాను కంతని అట్టతో మూసేశాడు.

రికార్డు ఆ పై వారం వచ్చింది. నాలుగిటి పక్కనా 'తీరింది' అని ఉంది. దళసరి కాగితం, పైన సంస్థ ముద్ర. పళ్ళబ్బాయి దాన్ని రెండు చేతులతో పట్టుకుని భార్యకి చూపించాడు. ఆమె చదవలేదు. పిల్ల వీపు నిమురుతూ, కాగితం మందం చూసింది.

"తలుపు కింద పెట్టండి. తువ్వాలులా ఊరికే ఆరిపోదు," అంది.

అతను దాన్ని వెనకగదిలో, నోళ్ళన్నిటికీ పైనున్న అరలో పెట్టాడు. మర్నాడు పొద్దున్న పనికి కూర్చోబోతే అరలో లేదు. నాలుగు మడతలు పడి తలుపు సందులో బిగుసుకుని ఉంది. సరిగ్గా సరిపోయింది. లాగబోయి, ఆగాడు.

మోటారు వేశాడు. కాసేపటికి ఆపి, చెవి తలుపుకి ఆనించాడు. అవతల పిల్ల దగ్గుతోంది. మధ్యాహ్నానికి ఇవ్వాల్సిన పై వరస పళ్ళు బల్ల మీద ఉన్నాయి. మళ్ళీ మోటారు వేశాడు.