తిరుగుబాటుకు భయపడే చక్రవర్తి

ఆంజనేయప్రసాద్‌గారికి లోకంలో ఒక్కటే భయం. ఎవరైనా తన మీద తిరుగుబాటు చేస్తారేమోనని.

నిజానికి ఆయన ఏ దేశానికీ రాజు కాదు. కువైట్‌లోని హవల్లీలో అద్దె ఫ్లాటులో ఉండే విజయవాడ ఇంజనీరు. ఆ ఇంట్లో టీవీ రిమోటు కూడా ఆయన అధీనంలో ఉండదు. కానీ ఆయన ఫోనులో ఒక ఆట ఉంది. అందులో ఆయన మధ్యయుగపు చక్రవర్తి. కింద సామంతులు, ఒక్కొక్కరి పేరు పక్కన విధేయత అంకె. నిండుగా ఉంటే వంద. పడిపోతే ఆ సామంతుడు తిరగబడతాడు. నలుగురైదుగురికి ఒకేసారి పడిపోతే అంతర్యుద్ధం, రాజ్యం ముక్కచెక్కలు.

అందరూ ఆ ఆటను పక్క రాజ్యాలు గెలవడానికి ఆడతారు. ఈయన మాత్రం ఏళ్ళ తరబడి ఆడుతూ ఒక్క కోటా గెలవలేదు, ఒక్క కోటా పోగొట్టుకోలేదు. "ఉన్నవాళ్ళని బుజ్జగించుకోవడానికే టైము చాలట్లేదండీ, ఇంక దండయాత్రలకి ఎక్కడ వెళ్ళను?" అనేవాడు.

అంతవరకైతే ఫరవాలేదు. సామంతులకు ఆయన తెలిసినవాళ్ళ పేర్లు పెట్టుకున్నాడు. మా వీధిలో బఖాలా, అదే కిరాణా కొట్టు, నడిపే కడప మస్తాన్ వలి తూర్పు కోటకు అధిపతి. ఎగైలాలో ఇంటి డ్రైవరు చిన్నపుల్లయ్య అశ్వదళపతి. ఎవరి అంకె పడిపోయినా ఆ అసలు మనిషికి ఫోను పోయేది.

ఒకసారి నేను బఖాలాలో ఉండగానే మోగింది. మస్తాన్ వలి స్పీకరులో పెట్టాడు.

"వలీ, నీ విధేయత నలభైకి పడిపోయింది. ఏంటి సంగతి?"

"తిరుగుబాటు చేసేకి నాకు టైము యాడుంది సార్? మోకాలు నొప్పి. నిలబడేకే కావడంల్యా, ఇంగ కత్తి యాడ పట్టేది?"

"అదీ సంగతి! అందుకే పడింది!"

సాయంత్రానికి చక్రవర్తిగారు నొప్పుల మందు పట్టుకుని స్వయంగా తూర్పు కోటకు విచ్చేశారు. వలి దానికి డబ్బు ఇవ్వబోతే, "సామంతుడి దగ్గర రాజు డబ్బు తీసుకుంటే విధేయత ఇంకా పడిపోద్ది" అని భయపడి పారిపోయాడు.

నాకు రాజులంటే గిట్టదు, ఆటలో రాజైనా సరే. ఇళ్ళలో పనిచేసే మనవాళ్ళ గొడవల్లో తలదూర్చి, ఇటు యజమానులతోనూ అటు ఏజెంట్లతోనూ పోట్లాడుతుంటాను కాబట్టి, నన్నాయన పశ్చిమ మండలానికి అధిపతిని చేసి ప్రథమ శ్రేణి అనుమానితురాలిగా ఉంచాడు.

"అమృతగారూ, ముప్పై ఐదు."

"రాజీనామా చేస్తున్నాను."

"సామంతులకి రాజీనామా ఉండదండీ. తిరుగుబాటే."

"అయితే తిరుగుబాటే."

"అమ్మో! కుముదినీ, అమృతగారికి అర్జంటుగా పులిహోర పంపవే!"

ఆయన భార్య కుముదిని గిన్నెతో వచ్చి, "తీసుకోండి, ప్రభుత్వం నిలబడాలిగా" అని గుమ్మంలోనే నవ్వేది.

ఈ సామ్రాజ్యంలో అన్నిటికన్నా దూరపు మండలం జహ్రా. అక్కడి సామంతురాలు సంజీవమ్మ. అన్నమయ్య జిల్లా మనిషి, జహ్రాలో ఒక ఇంట్లో పని. మొదటిసారి విమానమెక్కి, బెల్టు పెట్టుకోవడం రాక ఆమె బిక్కమొహం వేస్తే, పక్క సీటు ఆంజనేయప్రసాద్‌గారు బెల్టు పెట్టి, కువైట్‌లో దిగేలోపే మండలం కట్టబెట్టేశాడు. "ఏం సామంతురాలినో సామీ, చేతిలో ఉండేది చీపురే గదా" అని ఆమె నవ్వినా, శుక్రవారం శుక్రవారం ఫోను మాత్రం తప్పేది కాదు.

ఒక శుక్రవారం ఆమె ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. స్విచ్చాఫ్. పరుగున మా ఇంటికి వచ్చాడు.

"సంజీవమ్మ ఇరవైకి పడిపోయిందండీ! యల్లా, యల్లా, కారెక్కండి!"

ఇరవై మాటెలా ఉన్నా, ఇంటిపని మనిషి ఫోను ఆగిపోయిందంటే దాని అర్థం నాకు బాగా తెలుసు. చెప్పులేసుకున్నాను.

జహ్రాలో ఆ ఇంటి తలుపు మామా తీసింది. ఇంటావిడను పనివాళ్ళు అలాగే పిలుస్తారు. ఎప్పుడు చూసినా ఫోనేనని తనే తీసి లోపల పెట్టిందట. మూడు రోజులుగా జ్వరమంటూ సంజీవమ్మ నాటకాలాడుతోందట.

"నాటకమో కాదో డాక్టరు చెబుతాడు. మందిప్పించడం మీ బాధ్యత, వారానికో సెలవు ఆమె హక్కు. చట్టం ఉంది," అన్నాను. మామా తలుపు మూయబోయింది.

ఆంజనేయప్రసాద్‌గారు గుమ్మంలో కాలు పెట్టి, వచ్చీరాని అరబ్బీలో వినయంగా అన్నాడు. "నిజమే మామా. నా సామంతుడొకడు కూడా ఇలాగే నాటకమాడుతున్నాడనుకున్నాను. సగం రాజ్యం పోయింది."

"రాజ్యమా?"

ఫోను తీసి చూపించాడు. అంతే, లోపలి నుంచి ఇంటి యజమాని, బాబా, ఒక్క ఉదుటున వచ్చాడు.

"ఈ ఆట నేనూ ఆడతా! వారం తిరక్కుండా నా సామంతులు తిరగబడి చస్తున్నారు. ఏదీ, చూపించు!" ఫోను లాక్కుని చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "అందరికీ వందా? ఒక్కడూ తగ్గలేదా? ఎలా సాధ్యం?"

నేనూ తొంగిచూశాను. వలి వంద. నేను వంద. సంజీవమ్మ కూడా వందే!

ఆంజనేయప్రసాద్‌గారు గొంతు సవరించుకున్నాడు. "మీ సామంతుడికి జబ్బు చేస్తే వైద్యుణ్ణి పంపిస్తారా బాబా?"

"లేదు. బంగారం దండగ కదా?"

"అక్కడే పోతోంది."

బాబా ఫోను వైపు చూశాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు. చివరికి భార్య వైపు చూశాడు. మామా నేల వైపు చూసింది.

సంజీవమ్మ గోడ పట్టుకుని వచ్చింది. నుదురు పెనంలా కాలుతోంది. "సామీ, ఇంత దూరం యాల వొచ్చినారు? నీ రాజ్యం యాడికీ పోలేదులే."

బాబా తనే కారు తీసి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేను వెంటే ఉన్నాను. ఛాతీలో నెమ్ము, ఇంకో రెండ్రోజులు ఆగితే ప్రాణం మీదికొచ్చేదన్నాడు డాక్టరు. తిరిగొచ్చాక, ఆమె ఫోను ఆమె చేతికి వచ్చేదాకా, శుక్రవారం సెలవని బాబా ఒప్పుకునేదాకా నేను వాళ్ళ సోఫా దిగలేదు. ఖలాస్.

తిరుగుదారిలో కడిగేశాను. "చట్టం చెబితే మూసుకున్న తలుపు ఆట చూపిస్తే తెరుచుకోవడం సిగ్గుచేటండీ!"

"సిగ్గుచేటేనండీ. మీరు అరుస్తూనే ఉండండి. మీరు తలుపు కొట్టకపోతే, నేను కాలు పెట్టడానికి సందెక్కడిది?"

ఇంటికొచ్చాక కుముదినిని నిలదీశాను. అందరికీ వంద ఉంటే ఈ ముప్పైలూ ఇరవైలూ ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

ఆమె పెసరట్టు తిరగేస్తూ నవ్వింది. "ఆడిన మొదటి వారమే వలి తిరుగుబాటు చేశాడు. ఉరి తీయాలంది ఆట. ఈయన ఆ పూట అన్నం తినలేదు. సెట్టింగుల్లోకి వెళ్ళి తిరుగుబాట్లే లేకుండా ఆపేశాడు. అప్పట్నించీ అందరికీ వందే."

"మరి ఆ ఫోన్లు?"

"ఊరికే ఫోను చేసి, బాగున్నారా, తిన్నారా అని అడగడానికి ఆయనకి సిగ్గు."

మరుసటి శుక్రవారం ఆయన ఫోను వచ్చేలోపే నేనే చేశాను.

"ప్రభూ, ఈసారి సామంతులకే మీ మీద అనుమానంగా ఉంది. బాగున్నారా? తిన్నారా?"

ఆయన గొంతు తగ్గించి అడిగాడు:

"ఎంతకి పడిందండీ?"