వెరోనెల్ ఇంటికి ముప్పై ఎనిమిదో సంతకం

అమెరికాలో కరోలినా తీరంలోని మా దీవిలో వెరోనెల్ కేపర్స్ ఇంటి కప్పును తుఫాను ఎత్తుకుపోయి ఏడాదిన్నర అయింది. ఆ రేకులు ఆఫ్రికా ఒడ్డున తేలాయని నేనంటాను, ఎవరూ నమ్మరు. అప్పటినుంచీ ఆమె కాపురం నీలం టార్పాలిన్ కిందే. అదే తుఫానులో కప్పులెగిరిన వంతెన అవతలి తెల్లవాళ్ల ఇళ్లకు మూడు నెలల్లో కొత్త కప్పులు పడ్డాయి. ఆ ఇళ్లనూ, పక్కనున్న హోటలు గదులనూ నలభై ఏళ్లుగా తుడుస్తున్నది వెరోనెలే.

సర్కారు సాయం ఈమెకూ ఉంది, కానీ ఇల్లు ఆమె పేర ఉండాలి. మా నల్లవాళ్లలో ఎవరిల్లు ఎవరి పేర ఉంది కనుక? బానిసత్వం పోయాక వెరోనెల్ వాళ్ల ముత్తాత, దోమలు తప్ప ఎవరూ అడగని ఈ పదెకరాలు కొన్నాడు. కోర్టులోని తెల్ల గుమాస్తాను నమ్మలేక వీలునామా రాయలేదు. ఆయన పిల్లలూ రాయలేదు. నేల అందరిదీ అయింది, ఎవరిదీ కాలేదు.

పేదలకు ఉచితంగా పనిచేసే లాయరమ్మ వచ్చి వంశవృక్షం గీసింది. గోడంత కాగితం పట్టింది. ఇల్లూ నేలా వెరోనెల్ పేర మారాలంటే ముప్పై ఎనిమిది మంది వారసులు సంతకం పెట్టాలి. ముప్పై ఏడు వచ్చాయి. మిగిలింది ఫిలడెల్ఫియాలో ఉండే చిన్నాన్న కొడుకు ఐజెల్. అతని వాటా కొంటానని ఒక రిసార్టు కంపెనీ వెంటపడుతోంది. ఆ ఒక్క వాటా దొరికితే చాలు, కోర్టుకెక్కి మొత్తం నేలను వేలం వేయిస్తుంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే వెరోనెల్ స్పీకరు పెట్టి అతనికి ఫోన్ చేసింది. పొరుగుదాన్ని కదా, నేనక్కడే బెండకాయలు తరుగుతున్నాను. వినడానికి మాత్రం కాదు.

"కాగితం గురించేగా అక్కా," అన్నాడు ఐజెల్. "ఆ నేల మొహం చూసి యాభై ఏళ్లయింది నాకు."

"కోళ్లు ఇంకా నిన్ను అడుగుతూనే ఉన్నాయిరా."

అతను నవ్వలేదు. "కిడ్నీలు పోయాయక్కా. వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషను పెట్టించుకోవాలి. కంపెనీవాడిచ్చేది ఏడాది ఇంటి అద్దెకొస్తుంది."

వెరోనెల్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అట్లయితే అమ్ముకోరా. తిట్టను. తిట్టే ఓపిక కూడా లేదు నాకు."

అతనడిగాడు. "వాగొడ్డున మా అమ్మ సమాధి పక్కన చోటుందా?"

"ఉంది. కాస్త కాళ్లు ముడుచుకోవాలి."

"కంపెనీవాళ్లు అక్కడా కంచె వేస్తారా?"

"పక్కనున్న బ్రైటన్ల నేల పోయాక వాళ్ల సమాధులకు వేశారుగా. గేటు దగ్గర కాపలావాణ్ణి బతిమాలి పూలు పెట్టొస్తున్నారు."

ఈలోగా నేను దీవికంతా సరిపడా బెండకాయలు తరిగేశాను.

"పంపు ఆ కాగితం, సంతకం పెడతాను," అని ఫోన్ పెట్టేశాడు.

"ముప్పై ఎనిమిదీ వచ్చేసినట్టే. నవ్వవేమే?" అన్నాను నేను.

ఆమె చెప్పులు విప్పి, వాచిన పాదాలు నేలకు ఆనించింది.

"వాడి అద్దె ఎవరు కడతారే?" అంది.