గుట్ట మీద నీటికాకి

నడి ఎండాకాలంలో, చుక్క నీరు లేని గుట్ట మీద నీటికాకి కనిపించిందని కోరుట్ల మిత్రుడు ఫొటో పంపితే నేను నమ్మలేదు. ఏ చెరువు దగ్గరో తీసి నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. తేల్చుకుందామని మర్నాడు పొద్దున్నే అతని బండెక్కి పెగడపల్లి వైపు వెళ్లాను.

గుట్ట కింద కల్లు గీసి తాటిచెట్టు దిగిన ఒకాయన, మా మెడల్లో దుర్బిన్లు చూసి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఏం పనిమీద అచ్చిండ్రు?”

“పిట్టలు చూద్దామని అచ్చినం.”

“పోయినేడు గిట్లనే ఇద్దరచ్చిండ్రు. గాళ్లు గూడ పిట్టలనే చెప్పిండ్రు.”

నాకు ఒళ్లు మండింది. పిట్టలు చూడటానికి కూడా సంజాయిషీలా అని గొణుక్కుంటూ గుట్ట ఎక్కాను.

పైన బండ మీద నీటికాకి నిజంగానే ఉంది. తడిసిన రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. అంటే అప్పుడే ఎక్కడో మునిగి వచ్చింది. అవతలి అంచుకు వెళ్లి చూస్తే గుట్ట వెనక సగం లేనే లేదు. గ్రానైట్ కోసం తవ్విన గుంతలో నీళ్లు పచ్చగా నిలిచి ఉన్నాయి.

మేం దిగేసరికి ఆయన మా బండి నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకుంటున్నాడు. సరిగ్గా పడదేమోనని, ప్లేటు మీది దుమ్ము నేనే తుడిచాను.