చిల్లు బకెట్టునూ వదలని మా ఓనరాంటీ

మన్సూరాబాద్‌లోని మా ఓనరాంటీ పోయారు. మొన్న పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, "మన పెద్దదిక్కు పోయిందే" అని ఏడ్చింది. ఆ ఇంట్లో మేం కిరాయికి ఉన్నవాళ్లం, అంతే. ఓనరు పోతే ఇలా ఏడ్చే కిరాయిదార్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉంటారో గానీ, మా అమ్మ ఏడుపులో న్యాయముంది. అదేమిటో చెప్తాను.

మాది కృష్ణా జిల్లా. నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికితే ఇక్కడికి వచ్చాం. ఓనరాంటీ వాళ్లది నల్గొండ వైపు పల్లె. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చి, మిగతా వారమంతా పాత సామాన్లు. ఈ రెండిట్లో నిష్ఠ దేనిమీద ఎక్కువో తేల్చుకోలేకపోతున్నానని వాళ్లాయన, మా అంకుల్, ఆటపట్టించేవారు.

ఆ ఇంట్లో చెడిపోయిన వస్తువుకు చావు లేదు. మోటారు కాలిపోయిన కూలర్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, మట్టి నింపి, కొత్తిమీర, పుదీనా పెంచారు. టేబుల్ ఫ్యాన్ జాలీ ఉల్లిగడ్డల బుట్టయి వంటింట్లో వేలాడేది. వెలిసిపోయిన నైలాన్ చీరలను పేలికలుగా చించి, జడల్లా అల్లి, గుండ్రంగా చుట్టి కుట్టి గుమ్మాల ముందు వేసేవారు. నా పాత జీన్స్ ప్యాంటు కాళ్లు కత్తిరించి బజారు సంచి చేసిచ్చారు. జేబులు మాత్రం అలాగే ఉంచారు. ఎందుకాంటీ అంటే, "తాళంచెవి యాడ పెడ్తవ్ మరి?" అన్నారు.

అన్నీ కుదిరాయని చెప్పను. స్కూటర్ టైరు మీద తాడు అల్లి చేసిన మోడా మీద కూర్చోబోయి అంకుల్ నడుం దాకా దిగబడిపోయారు. నేనూ నాన్నా చెరో చెయ్యి పట్టి లాగాల్సి వచ్చింది. ఓనరాంటీ ఏమాత్రం తగ్గలేదు. "మోడా మంచిగనే ఉన్నది, మనిషే జర లావయిండు" అన్నారు.

ఇప్పుడు ఇలాంటివన్నీ ఏవేవో పేర్లు పెట్టి, ఫొటోలతో పత్రికల్లో వేస్తున్నారు. ఆవిడ దీనికి పేరు పెట్టలేదు. "పారేసుడు అందరికీ ఒస్తది బిడ్డా, దానికి చదువెందుకు?" అనేవారు.

మేం ఆ ఇంట్లో దిగిన వారంలోనే ఒక పెద్ద అల్యూమినియం గంజు మాకిచ్చారు. గంజు అంటే మా అమ్మ భాషలో తపేలా. "ఊరి బియ్యం గిండ్ల పోసుకో చెల్లే, సంచిల ఉంటే ఎలుకలు కొడ్తయ్" అన్నారు. దానికి మూత, విరిగిన క్యారమ్ బోర్డు.

తర్వాత తెలంగాణ ఉద్యమం వేడెక్కింది. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో. బస్సులు ఆగిపోతే నాన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వచ్చేవారు. అమ్మ కూరగాయల బండి దగ్గర నోరు విప్పడం మానేసింది, వేలు చూపించి కొనేది. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా భయం భయమే కదా.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఓనరాంటీ హడావుడిగా మెట్లు దిగి వెళ్తూ అమ్మతో అన్నారు: "చెల్లే, ఆయితారంకల్ల జర ఖాళీ చెయ్యుండ్రి. మాకు అక్కర పడ్డది."

అమ్మ "అలాగేనండీ" అంది. ఎందుకని అడగలేదు, అభిమానం అడ్డొచ్చింది. "మర్యాదగా అడిగినప్పుడే మర్యాదగా వెళ్లిపోదాం" అన్నారు నాన్న. ఎక్కడికో ఆయనకూ తెలియదు. వనస్థలిపురమంతా తిరిగినా ఇల్లు దొరకలేదు. పెళ్లయ్యాక అత్తగారి వంటింట్లో, ఆడపడుచుల వంటింట్లో మసలిన అమ్మకు, తన చేతులతో సర్దుకున్న మొదటి ఇల్లు అది. గోడకు కొట్టిన మేకులు పీకుతూ ఆమె ఏడ్చింది.

ఆయితారమంటే ఆదివారమే కదా, శనివారం పనికిరానివన్నీ గేటు దగ్గర పెట్టసాగింది: చిల్లు బకెట్టు, కాలు విరిగిన స్టూలు, రంగు వెలిసిన కర్టెన్లు. బజారు నుంచి వస్తున్న ఓనరాంటీ అవి చూసి ఆగిపోయారు.

"ఏంది చెల్లే, ఇల్లంత బయట పెడ్తున్నవ్?"

"మీరే ఖాళీ చెయ్యమన్నారు కదండీ, అక్కయ్యగారూ."

"నేనన్నది గంజు! రేపు ఎల్బీ నగర్ల రోడ్డు మీద వంటావార్పు ఉన్నది. గంత పెద్ద గంజు మా దగ్గర గదొక్కటే. ఇల్లు ఖాళీ చెయ్యమంటినా నేను?"

ఓనరాంటీకి ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. "చిల్లు పడ్డ బకిట్‌నే ఇడువనిదాన్ని, మిమ్ముల ఇడుస్తనా? మా రాష్ట్రం మాకు రావాలె, దాంట్ల రెండో మాట లేదు. మీ ఇల్లు మీకుండాలె, దాంట్ల గూడ రెండో మాట లేదు" అన్నారు. ఇంత సూటిగా ఆలోచించే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అంతటితో ఊరుకోలేదు. గేటు దగ్గరి కర్టెన్లన్నీ కలిపి కుట్టేశారు, వంట దగ్గర నీడకు. మర్నాడు చర్చి నుంచి రాగానే అమ్మను బయల్దేరదీశారు. "నేనెందుకండీ, నా మాట వింటే ఎవరైనా..." అని అమ్మ నసిగింది. "నీ మాటకేమైంది? నడువు, గరిటె తిప్పనికి మనిషి కావాలె" అన్నారావిడ.

నడిరోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి, దాని మీద గంజు. అమ్మ సాంబారు కలుపుతూ అలవాటుగా, "ఉప్పు సరిపోయిందో లేదో చూడండీ" అని పక్కావిడతో అనేసింది. ఆవిడ తలెత్తి చూసింది.

"ఈమె ఎవరక్కా? మాట మనోళ్ల లెక్క లేదు."

ఓనరాంటీ విస్తళ్లు పరుస్తూ, వెనక్కి తిరగకుండానే చెప్పారు: "మా ఇంటోళ్లు."

కిరాయోళ్లు అనలేదు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. అందరితోపాటు అమ్మా ఆగిపోయిన లారీల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చాలారోజుల తర్వాత ఆమె కడుపునిండా తినడం చూశాను. ఎవరక్కా అని అడిగినావిడే గరిటెతో వచ్చి వంగి, అమ్మ చెయ్యి అడ్డం పెడుతున్నా వినకుండా, మారు వడ్డించింది.