గున్నమ్మకు పడని మాత్ర

సాలూరులో లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టాలు కుట్టడం గున్నమ్మ పని. ఆమె పుట్టింది సముద్రపు ఒడ్డున భావనపాడులో. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని వలలు బాగుచేసిన చెయ్యి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి దబ్బనం పట్టుకుంది. భర్త నాగబాబు లారీ డ్రైవరు. ఇంట్లో అత్త చిన్నతల్లి ఉంటుంది.

గున్నమ్మకు ఏదైనా ఎందుకైందో తెలిసేదాకా మనసు ఊరుకోదు. ఏ డ్రైవరైనా చిరిగిన పట్టా తెచ్చి "బేగి కుట్టీ అమ్మా, ఎల్లిపోవాల" అంటే, "ముందు ఇదెలగ సిరిగిందో సెప్పు. తాడు రాసుకుందా, రేకు తగిలిందా?" అని ఆరా తీసేది. కారణం తెలియకుండా కుడితే మళ్లీ అక్కడే చిరుగుతుందని ఆమె నమ్మకం.

మొన్న వానాకాలంలో దబ్బనం జారి ఆమె ఎడమ బొటనవేలిలో దిగింది. పసుపు అద్ది ఊరుకుంది. వేలు వాచి చీము పట్టాక ఆస్పత్రికి పరుగెత్తింది. డాక్టరు మహతి చీము తీసి, కట్టు కట్టి, ఇంజెక్షను చేసి, యాంటీబయాటిక్ మాత్రలు రాసిచ్చింది. వేలు నెమ్మదించింది గానీ, ఒళ్లంతా దురద మొదలైంది.

"వంకాయ కూర తినీసినావు కదే, దురదెట్టదేటి మరి?" అంది చిన్నతల్లి. గున్నమ్మ వంకాయ మానేసింది. దురద తగ్గలేదు. ఎండుచేపలు కూడా మానేసింది. అయినా అంతే.

"మిరపకాయల లోడు మీద కప్పిన పట్టా కుట్టినావు. ఆ ఘాటు అంటుకున్నాది," అన్నాడు నాగబాబు.

ఈ మాట ఆమెకు సబబుగానే తోచింది. మర్నాడు పనిలోకి వెళ్లకుండా తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని ఇంట్లోనే కూర్చుంది. సాయంత్రానికి పొట్ట మీదా వీపు మీదా ఎర్రటి దద్దుర్లు లేచాయి.

"మావా, పట్టా ముట్టుకున్నవి సేతులు. సేతులు బాగానే ఉన్నాయి. వీపెందుకు దురదెడతన్నాది?"

"నాకేటి తెలుసే? గోక్కుంటా కూకోకుండా డాక్టరమ్మకి సూపించుకో."

"వంకాయ మానినాను, సేపలు మానినాను, పట్టా మానినాను. ఇంకా మాననిదేటున్నాది?" అంటూ గున్నమ్మ చుట్టూ చూసింది. చూపు గూట్లో ఉన్న మాత్రల అట్ట మీద ఆగింది. జబ్బు తగ్గించే మందే ఇలా చేస్తుందా? నమ్మబుద్ధి కాలేదు. అయినా ఆ పూట మాత్ర వేసుకోకుండా, అట్ట పట్టుకుని ఆస్పత్రికి బయల్దేరింది.

మహతి దద్దుర్లు చూస్తూనే అడిగింది. "పెదాలు గానీ నాలుక గానీ వాచాయా? గొంతు బిగుసుకున్నట్టు, ఊపిరి అందనట్టు ఉందా?"

"అవేటీ నేవమ్మా. ఒట్టి దురదే."

"అయితే ఈ మాత్ర మీకు పడనట్టుంది. ఆపేయండి. వేరే రకం మందు రాస్తాను. దురద తగ్గడానికి ఇంకొకటి."

గున్నమ్మ కుర్చీలోంచి లేవలేదు. "మందుకి కూడా దురదెడతాదేటమ్మా? మా ఎదురింటి తులసి ఇదే మింగింది. దానికేటీ అవనేదే."

"చాలామందికి ఏమీ కాదు. కొందరి ఒళ్లు మాత్రం ఆ మందు శత్రువనుకుని తిరగబడుతుంది. అప్పుడే ఇలా దద్దుర్లు వస్తాయి."

"నా ఒల్లెందుకు అలగనుకున్నాది?"

మహతి నవ్వింది. "అది నాకూ తెలీదమ్మా. ఇంతకుముందు ఇదే మందు వాడి బాగున్నవాళ్లకి కూడా తర్వాతెప్పుడో ఇలా రావచ్చు."

"మరి ఇది మాత్ర వల్లేనని గట్టిగా ఎలగ తెలుస్తాది? దురద తగ్గినాక ఇంకొకటి మింగి సూస్తే?"

మహతి ముఖంలో నవ్వు పోయింది. "ఆ పని మాత్రం చెయ్యకండి. ఈసారి దురదతో పోయింది. మళ్లీ వేసుకుంటే గొంతు వాచి ప్రాణం మీదికి రావచ్చు. ఖాయంగా తేల్చుకోవాలంటే పెద్దాస్పత్రిలో, డాక్టర్ల కళ్లెదుట చేసే పరీక్షలున్నాయి. అంతవరకూ ఏ ఊళ్లో మందు తీసుకున్నా, నాకు అమాక్సిసిలిన్ పడదు అని ముందే చెప్పండి."

గున్నమ్మ మాత్రల అట్ట టేబుల్ మీద పెట్టేసింది. "ఇది నువ్వే ఉంచీమ్మా. ఇంట్లో ఉంటే నా బుద్ధి ఊరుకోదు."

ఆ మాత్ర పేరు పలకడానికి ఆమెకు నోరు తిరగలేదు. దారి పొడుగునా వల్లించుకుంది. ఇంటికెళ్లి భర్తకూ అత్తకూ నేర్పింది. చిన్నతల్లి నోట్లో అది "అమ్మాసీ సీలిని" అయింది. నాలుగు రోజుల్లో దద్దుర్లు మాయమయ్యాయి.

కొన్నాళ్లకు చెల్లెలు సుభద్ర ఇంటికి పాతపట్నం వెళ్లినప్పుడు గున్నమ్మకు పన్ను పోటు ఎత్తింది. చిగురు వాచింది. దగ్గర్లోని గోవిందరావు మందుల షాపుకు వెళ్తే ఆయన ఒక అట్ట తీసిచ్చాడు. దాని రంగూ వేరు, పేరూ వేరు.

"బాబూ, నాకు అమాక్సిసిలిన్ పడదు. సెప్పమన్నారు," అంది గున్నమ్మ.

ఆ మాట వినగానే గోవిందరావు అట్ట వెనక్కి తీసుకున్నాడు. "మంచిపని సేసినావు తల్లీ. ఇందులో ఉన్నదీ అదే."

"పేరు వేరు కదా బాబూ?"

"పైపేరు కంపెనీది. లోపలి మందు ఒకటే." ఆయన అట్ట వెనకున్న చిన్న అక్షరాలు వేలితో చూపించాడు. "అడక్కుండా ఇచ్చీడం నాదే తప్పు. ముందు పళ్ల డాక్టరుకి సూపించుకో. అక్కడా ఈ మాట సెప్పు."

గున్నమ్మ అట్టకేసి మళ్లీ చూసింది. ఆ మాట చెప్పకపోయుంటే, రంగు చూసి వేరే మందేనని మింగేసేదే.

పళ్ల డాక్టరు వేరే మందు రాశాడు. పోటు తగ్గింది. మర్నాడు అన్నం తింటూ గున్నమ్మ చెల్లెల్ని అడిగింది.

"ఒసే, నీకేదైనా మందు పడదేటే?"

"ఏమో అక్కా. నేనెప్పుడూ సూసుకోనేదు."

"బాగా గుర్తు సేసుకో. ఎప్పుడైనా జొరానికి మందేసుకున్నాక దురదెట్టిందా?"

సుభద్ర చేతిలో ముద్ద కంచంలో పెట్టి, పాత మందు చీటీలు వెతకడానికి లేచింది.