నాగేంద్రమ్మ పెద్దమ్మ కిట్ ఇన్‌స్పెక్షన్

తిరువూరు చుట్టుపక్కల మాజీ సైనికుల్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ముందు మా పెద్దమ్మకే ఫోన్ వస్తుంది. ఆవిడ పేరు నాగేంద్రమ్మ. డాక్టరు కాదు, నర్సూ కాదు. పోయిన మా పెదనాన్న సైన్యంలో సుబేదారుగా చేశారు. ఆయనతో అంబాలా, జబల్‌పూర్ క్వార్టర్లలో కాపురం చేసింది కాబట్టి పెద్దమ్మకు హిందీ వచ్చు. కౌంటర్ల దగ్గర గట్టిగా మాట్లాడటం పుట్టుకతోనే వచ్చు.

ఇక్కడి ఫౌజీలకు వైద్యం ఒకచోట ఉండదు. సైన్యం వాళ్ల పాలీక్లినిక్ విజయవాడలో ఉంది. అక్కడ మందులిస్తారు, ఆపరేషన్లాంటిదైతే ప్రైవేటు ఆస్పత్రికి రాసి పంపుతారు. ఊళ్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంటుంది. ఒకరు ఏమిచ్చారో ఇంకొకరికి తెలియదు. అన్నిచోట్లా తిరిగేది పెద్దమ్మే. ఫౌజీలను బస్సెక్కిస్తుంది, టోకెన్ తీస్తుంది, అరటిపళ్లు పెట్టి కూర్చోబెడుతుంది. ఇంటర్ మధ్యలో ఆగిపోయాక నేను ఆవిడ దగ్గరే ఉంటున్నాను. నాకు మాట్లాడటం కంటే చూడటం సులువు.

ఈ మధ్య పెనుగొలను హవల్దార్ ఏడుకొండలుగారు ఆవిడను బాగా తిప్పలు పెట్టారు. ఆయనకు కంట్లో శుక్లం. పాలీక్లినిక్ వాళ్లు కంటి ఆస్పత్రికి రాసిచ్చారు. ఆపరేషన్‌కు వెళ్తే బీపీ మరీ పడిపోయి ఉందని వెనక్కి పంపారు. మళ్లీ వెళ్లినా అదే మాట. లేచి నిలబడితే తల తిరుగుతోంది. పాలీక్లినిక్ కాగితం నెలాఖరు వరకే చెల్లుతుంది. ఆ తర్వాత అంతా మొదటికొస్తుంది.

ఆయన దిగులు కాగితం గురించి కాదు, మోపెడ్ గురించి. చూపు ఆనక గడ్డివామును గుద్దినప్పటి నుంచి ఆయన భార్య వెంకాయమ్మగారు బండి తాళం కొంగుకు కట్టుకుని తిరుగుతున్నారు.

"గడ్డివామే అడ్డమొచ్చింది చెల్లెమ్మా," అన్నారాయన, మేం వెళ్లిన రోజు.

"అవునవును, నడుచుకుంటూ వచ్చింది పాపం," అన్నారు వెంకాయమ్మగారు. "కన్ను బాగయ్యేదాకా తాళం అడగొద్దు."

"సరే అన్నయ్యగారూ, మీరు వేసుకునే మందులు చూపించండి," అంది పెద్దమ్మ.

ఆయన ఒక కవరు తెచ్చారు. అన్నీ పాలీక్లినిక్ మాత్రలే.

"ఇవేనా?"

"ఇవే."

వెంకాయమ్మగారి చూపు బియ్యం డబ్బా మీదికి వెళ్లి రావడం నేను చూశాను. పెద్దమ్మ కూడా చూసినట్టుంది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"హవల్దార్ సాబ్! కిట్ ఇన్‌స్పెక్షన్! పూరా సామాన్ బయటికి!"

ఆయన వీపు నిటారైంది. సైన్యంలో తనిఖీ రోజున ఇచ్చిన ప్రతి వస్తువూ దుప్పటి మీద వరసగా పరచాలి, ఒక్కటి దాచినా తప్పే. ఆయన మంచం మీద తువ్వాలు పరిచారు. పాలీక్లినిక్ మాత్రలు ఒక వరస. బియ్యం డబ్బా వెనక నుంచి ఆరోగ్య కేంద్రం మాత్రలు రెండో వరస. అంచులు సరిచేసి, చివర మంచినీళ్ల గ్లాసు కూడా పెట్టి, మంచం పక్కన అటెన్షన్‌లో నిలబడ్డారు.

"రెండు వరసలూ వేసుకుంటున్నారా?"

"ఇష్యూ అయిన వస్తువును వాడకుండా పారేస్తామా?"

"అక్కడా ఇస్తున్నారని ఇక్కడ చెప్పాలి కదండీ!"

"ఒక యూనిట్ సంగతి ఇంకో యూనిట్‌లో చెప్పమంటావా? సుబేదారుగారి భార్యవై ఉండి!"

పెద్దమ్మ తువ్వాలు మూటగట్టి, ఆయన్నీ వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి బయల్దేరింది.

అక్కడి డాక్టరు శర్వాణిగారు మాత్రలు తిప్పి చూశారు. "పేర్లు వేరు, కంపెనీలు వేరు. లోపల మాత్రం ఒకటే బీపీ మందు. రెండింతలు పడుతోంది, అందుకే కళ్లు తిరుగుతున్నాయి," అన్నారు. పెద్దమ్మ అప్పటికే పాలీక్లినిక్ డాక్టరుకు ఫోన్ కలిపి ఆవిడ చేతికిచ్చింది. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకున్నారు. మందులు పాలీక్లినిక్‌వే వాడాలి, బీపీ చూడటం మాత్రం ఇక్కడ.

"ఎవరి ఆర్డరండీ?" అన్నారు ఏడుకొండలుగారు అనుమానంగా.

"ఇద్దరిదీ," అన్నారు శర్వాణిగారు.

"జాయింట్ కమాండా? అయితే సరే." ఆరోగ్య కేంద్రం మాత్రలు ఆవిడ బల్ల మీద పెట్టారు. "జమ చేసుకున్నట్టు సంతకం పెట్టండి మేడమ్." నవ్వు ఆపుకుంటూ ఆవిడ ఖాళీ మాత్రల అట్ట వెనక సంతకం పెట్టిచ్చారు.

కొద్ది రోజుల్లో తల తిరగడం తగ్గింది. బీపీ దారిలో పడింది. గడువు లోపలే ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఆయన పెద్దమ్మను పరీక్షగా చూశారు.

"అదేంటి చెల్లెమ్మా, జుట్టు ఇంత తెల్లబడింది?"

"మిమ్మల్ని తిప్పీ తిప్పీనే. మళ్లీ శుక్లం పెట్టించమంటారా?"

ఇప్పుడు నెలకోసారి మా వరండాలో ఫౌజీలంతా తువ్వాళ్లు పరుస్తారు. విస్సన్నపేట నుంచి కూడా వస్తారు. పెద్దమ్మ వరసల మధ్య నడుస్తుంది, రెండుచోట్ల మందులు కనిపిస్తే డాక్టర్లకు ఫోన్ కలుపుతుంది. మొన్న ఏడుకొండలుగారు మోపెడ్ మీదే వచ్చారు. డాక్టరు నడపొచ్చన్న రోజే వెంకాయమ్మగారు కొంగుముడి విప్పారట.

"గడ్డివాము ఎలా ఉంది అన్నయ్యగారూ?" అంది పెద్దమ్మ.

"అక్కడే ఉంది," అన్నారాయన తువ్వాలు దులుపుతూ. "నేనే పక్కనుంచి వచ్చాను."